అమ్వాస్ గ్రామం: గ్రంథాలలోను, నేలమీదను

ఇస్లామీయ చరిత్రతో కొద్దిపాటి పరిచయం గల పాఠకునికైనా 'తావూనె అమ్వాస్' అనే మాట కొత్తది కాదు. హిజ్రీ 18వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 639లో, హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) ఖిలాఫత్ కాలాన షామ్ దేశమంతటా చెలరేగిన మహమ్మారికి చరిత్రకారులు పెట్టిన పేరది. 'అమీనుల్ ఉమ్మత్' బిరుదాంకితులైన హజ్రత్ అబూ ఉబైదా బిన్ జర్రాహ్ (రజి), హలాల్ హరామ్‌ల జ్ఞానంలో ఉమ్మత్‌లోనే అగ్రగణ్యులైన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి), దమిష్క్ అమీరుగా ఉండిన యజీద్ బిన్ అబూ సుఫ్యాన్ (రజి) ఆ మహమ్మారిలోనే పరమపదించారు. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన రోజులలో మన ప్రసంగాలలోను, కరపత్రాలలోను ఈ పేరు మళ్ళీ మళ్ళీ వినవచ్చింది.

కొన్నేళ్ళ క్రితం సహాబీల జీవిత చరిత్రలు గల ఒక ఉర్దూ గ్రంథాన్ని ఈ రచయిత తెలుగులోకి అనువదించాడు. ముఆజ్ (రజి) మరణ ఘట్టంలో 'అమ్వాస్ అనే ప్లేగు వ్యాధి సోకి' అని రాశాడు. పుస్తకం అచ్చయిన తర్వాత ఒక పాఠకుడు ఉత్తరం రాస్తూ, ప్లేగులో ఎన్ని రకాలున్నాయి, అమ్వాస్ అనేది వాటిలో ఏ రకం, ఇప్పటికీ ఆ రకం ఉన్నదా అని అడిగాడు. నవ్వుకోదగిన ప్రశ్న కాదది. నేను రాసిన వాక్యం చదివితే ఎవరికైనా అదే అర్థమవుతుంది. మదరసాలో సహీ బుఖారీ పాఠం నడిచేటప్పుడు అమ్వాస్ ఎక్కడుందని మా ఉస్తాద్‌గారిని అడిగిన జ్ఞాపకం ఉన్నది. షామ్‌లో అన్నారు, పాఠం ముందుకు సాగింది. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివిన రోజులలో షామ్ పటాన్ని ఎన్నోసార్లు చూశాను గాని ఆ పేరు కోసం వెదకలేదు. ఆ ఉత్తరానికి జవాబు రాయవలసి వచ్చినప్పుడు గాని ఆ పని చేయలేదు. ఈ వ్యాసం ఒక విధంగా ఆ జవాబే. కొంచెం ఆలస్యమైంది, కొంచెం పెద్దదైంది.

అమ్వాస్ ఒక ఊరు. బైతుల్ మఖ్దిస్‌కు పశ్చిమ వాయవ్య దిశలో సుమారు 25 కిలోమీటర్ల దూరాన, రమ్లా పట్టణానికి ఆగ్నేయంగా సుమారు 15 కిలోమీటర్ల దూరాన, సముద్రతీర మైదానం ముగిసి కొండలు మొదలయ్యే అంచున ఉండేది. ఎదుట అయాలోన్ లోయ. వానాకాలంలో నీరు నిలిచే లోతట్టు పొలాలు. వెనుక సున్నపురాతి కొండలు. పక్కనే యాలూ, బైత్ నూబా అనే మరి రెండు గ్రామాలు. ఊరిలోను, చుట్టుపక్కలను ఊటలు, బావులు ఉండేవి. అన్నిటికంటె ముఖ్యమైన విషయమొకటి ఉన్నది. యాఫా రేవునుండి రమ్లా మీదుగా బైతుల్ మఖ్దిస్‌కు పోయే దారి కొండలలోనికి ప్రవేశించే 'బాబుల్ వాద్' కనుమకు కొద్ది ముందుగా ఈ ఊరు ఉన్నది. మైదానం నుండి వచ్చే సేన కొండ ఎక్కేముందు ఆగవలసిన చోటు ఇది. నీరు దొరుకుతుంది, మేత దొరుకుతుంది, దారి చేతిలో ఉంటుంది. ఈ ఊరి రెండువేల ఏళ్ళ చరిత్రలో జరిగిన మంచి, చెడు చాలావరకు ఈ ఒక్క సంగతిలోనే ఇమిడి ఉన్నాయి.

క్రీ.పూ. రెండవ శతాబ్దంలో యూద నాయకుడు యహూదా మక్కాబీ ఇక్కడే గ్రీకు సేనను ఓడించాడు. క్రీ.పూ. 4లో రోమను అధికారి వారుస్ ఈ ఊరిని తగులబెట్టించాడు. క్రీ.శ. 68లో వెస్పేసియన్ తన అయిదవ దళాన్ని ఇక్కడ విడిది చేయించాడు; ఆ దళపు సైనికుల సమాధి రాళ్ళు తర్వాతి కాలంలో ఇక్కడ దొరికాయి. మూడవ శతాబ్ది ఆరంభంలో రోమనులు దీనిని నగరంగా గుర్తించి 'నికోపొలిస్' అని పేరు మార్చారు. పేరు మార్చినవారు పోయారు, పాత పేరే జనం నోట నిలిచింది. 'ఎమ్మావుస్' అనే ఆ పాత పేరుకు అరబ్బీ రూపమే అమ్వాస్.

ముస్లిం సేనలు వచ్చిన నాటికి ఇదీ ఈ ఊరి పూర్వచరిత్ర. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) జయించిన ఫలస్తీన్ పట్టణాల జాబితాలో లుద్, యుబ్నా, బైత్ జిబ్రీన్‌లతోపాటు అమ్వాస్‌ను కూడా బలాజురీ పేర్కొన్నాడు. రోమను దళం ఏ కారణంచేత ఇక్కడ విడిది చేసిందో, ముస్లిం సేన కూడా అదే కారణంచేత విడిది చేసింది. ఆ శిబిరంలో తావూన్ పుట్టింది. మన గ్రంథాలు ఇక్కడనుండి శిబిరాన్ని గురించి, అమీరులను గురించి, ఖలీఫాగారి ప్రయాణాన్ని గురించి విస్తారంగా చెబుతాయి. ఖలీఫా షామ్‌కు బయలుదేరడం, సర్గ్ అనే చోట సేనాధిపతులు ఎదురువచ్చి మహమ్మారి వార్త చెప్పడం, ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వరుసగా సంప్రదించడం, వెనుదిరగాలని నిర్ణయించడం, దైవనిర్ణయం నుండి పారిపోవడమా అని అబూ ఉబైదా (రజి) ఆక్షేపించడం, అటుపిమ్మట అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి దైవప్రవక్త (స) నోట తాను విన్న హదీసును తెలియజేయడం మనకందరికీ తెలిసినవే. తావూన్ ఉన్న చోటికి వెళ్ళరాదు, ఉన్న చోటునుండి దాని భయంతో పారిపోరాదు అన్న ఆ ఆదేశం ఫిఖహ్ గ్రంథాలలో ఎంత చర్చకు ఆధారమైందో పండితులకు విదితమే.

అయితే ఇదే వృత్తాంతంలో తబరీ భద్రపరచిన మరొక సంగతి మీద మనవాళ్ళ దృష్టి అంతగా పడలేదు. తర్వాత ఖలీఫా అబూ ఉబైదా (రజి)కు లేఖ రాస్తూ, ప్రజలను తేమగల లోతట్టు నేలమీద దింపినారనీ, వారిని ఎత్తయిన, గాలి శుభ్రంగా ఉండే నేలకు తరలించవలసిందనీ ఆదేశించారు. ఆయన జాబియా వైపు కదలబోయారు గాని అంతలోనే వ్యాధి ఆయనను కబళించింది. ముఆజ్ (రజి) తన కుమారుని పోగొట్టుకొని తానూ పోయారు. చివరకు అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండలమీదికి చెదరగొట్టిన తర్వాత గాని మహమ్మారి తగ్గుముఖం పట్టలేదు. ఈ వృత్తాంతాన్ని పటం ముందు పెట్టుకొని చదివినట్లయితే, లోతట్టు నేల ఏదో, కొండలు ఏవో కంటికి కట్టినట్టు కనబడతాయి. పటం లేకుండా చదివినప్పుడు అవి ఉపదేశ కథలోని లోయ, కొండ మాత్రమే. ఎలుకలు, గోమార్ల సంగతి ఆనాటివారికి తెలియదు; చోటు మార్చాలన్న విషయం తెలుసు. ఆ చోటు ఏదో మనకు తెలియకపోతే ఆ తెలివి విలువ మనకు సగమే అందుతుంది.

ఇక సంఖ్యల సంగతి. ఈ తావూన్‌లో ఇరవై అయిదువేల మంది ముస్లిములు మరణించారని ఒక ఉల్లేఖనం ఉన్నది. మన వ్యాసకర్తలు, ప్రసంగకర్తలు కొందరు దీనిని 'అమ్వాస్‌లో ఇరవై అయిదువేల మంది' అని చెప్పడం పరిపాటి అయింది. ఇది పొరపాటు. వ్యాధి అమ్వాస్‌లో ఆరంభమై షామ్ దేశమంతటా వ్యాపించిందని, ఆ సంఖ్య మొత్తం షామ్‌కు చెందినదని మూలాన్ని సరిగా చదివితే తెలుస్తుంది. సంవత్సరంలో కూడా భేదాభిప్రాయం ఉన్నది. సైఫ్ బిన్ ఉమర్ హిజ్రీ 17 అన్నాడు, ఇబ్ను ఇస్‌హాఖ్, వాఖిదీలు 18 అన్నారు, అధిక సంఖ్యాకులు 18నే స్వీకరించారు. యజీద్ బిన్ అబూ సుఫ్యాన్ (రజి) మరణంతో ఖాళీ అయిన పదవికి ఆయన తమ్ముడు ముఆవియా (రజి) నియమితులైనారు. తర్వాతి నూరేళ్ళ ఇస్లామీయ రాజకీయ చరిత్రను ఆ నియామకం ఎటు నడిపిందో ఇక్కడ విస్తరించనక్కర లేదు.

అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞులు ఈ ఊరిని గురించి ఏమన్నారో చూద్దాం. అల్ మఖ్దిసీ స్వయంగా బైతుల్ మఖ్దిస్ వాసి. 985 ప్రాంతంలో తన గ్రంథం రచించాడు. పూర్వం అమ్వాస్ ఆ ప్రాంతానికి ముఖ్యపట్టణంగా ఉండేదని, బావుల కొరకు జనం మైదానంలోకి, సముద్రం వైపుకు దిగిపోయారని జనశ్రుతిగా చెప్పాడు. ఇంటి పక్క ఊరిని గురించి అతడంతటి పరిశీలకుడు జనశ్రుతితో సరిపెట్టుకోవడం కొంత ఆశ్చర్యమే. యాఖూత్ హమవీ (మరణం హి. 626) తన స్థలనామ కోశంలో అతడి మాటలను, మొహల్లబీ మాటలను చేర్చి ఇచ్చాడు. మొహల్లబీ లెక్క ప్రకారం అమ్వాస్ రమ్లాకు ఆరు మైళ్ళ దూరాన, బైతుల్ మఖ్దిస్ దారిలో ఉన్నది. అరబ్బు మైలు దాదాపు రెండు కిలోమీటర్లు గనుక ఇది పన్నెండు కిలోమీటర్లవుతుంది. నిజదూరం అంతకు మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కువే. అయినా వెయ్యేళ్ళనాటి లెక్కకు ఇది చిన్న తప్పు. మరొకటి గమనించదగినది. రమ్లా నగరాన్ని ఉమయ్యద్ రాకుమారుడు సులైమాన్ కట్టించినది తావూన్ తర్వాత ముప్పాతిక శతాబ్దానికి. అనగా ఒకప్పుడు తానే కేంద్రంగా ఉండిన ఊరిని, తన తర్వాత పుట్టిన నగరం నుండి కొలవవలసి వచ్చింది.

యాఖూత్ చెప్పిన ఇంకొక చిన్న విషయం నాకు అన్నిటికంటె ప్రియమైనది. ఊరిపేరులో మొదటి అక్షరమైన 'ఐన్'కు 'జేర్' పెట్టి, అనగా 'ఇమ్వాస్' అని జమఖ్షరీ చదివాడట. ఇతరులు 'జబర్' పెట్టి 'అమవాస్' అని చదివారట. మన గ్రంథాలలో రెండవ రూపం నుండి వచ్చిన 'అమ్వాస్' స్థిరపడింది. కాని ఆ ఊరి రైతులు ఇరవయ్యవ శతాబ్దంలో తమ ఊరిని పిలుచుకొన్నది 'ఇమ్వాస్' అనే. ఎక్కడో ఖ్వారజ్మ్‌లో పుట్టిన వ్యాకరణవేత్త పట్టుకొన్న ఉచ్చారణ, పొలం దున్నుకొనేవాని నోట ఎనిమిది వందల ఏళ్ళకు కూడా సజీవంగా ఉండినదన్నమాట. 'ఐన్' రాయడానికి తెలుగులో అక్షరం లేదు, ఆ లోటు తీరేది కాదు. ఇకారాన్నయినా మనం ఎందుకు విడిచిపెట్టాలి?

అక్కడి సమాధుల విషయంలో జాగ్రత్త అవసరం. ఊరిలో ఒక గుమ్మటం అబూ ఉబైదా (రజి) సమాధి అనీ, కొండమీద మరొకటి ముఆజ్ (రజి) పేర గలదనీ గ్రామస్థుల విశ్వాసం. చరిత్ర దృష్టితో చూస్తే ఇది నిలవదు. అబూ ఉబైదా (రజి) సమాధి జోర్డాన్ నదీ లోయలోని దైర్ అల్లా వద్ద, ముఆజ్ (రజి) సమాధి అదే లోయకు ఉత్తరాన ఉన్నట్లు ప్రసిద్ధి. పైగా అబూ ఉబైదా (రజి) పేర ఉన్న కట్టడం అసలు రోమను కాలపు స్నానశాల అని పురాతత్త్వజ్ఞులు తేల్చారు. సమాధుల పట్ల మితిమీరిన భక్తిని ఖండించే మన పాఠకులు దీనితో విషయం ముగిసిందనుకోవచ్చు. ముగియలేదు. సమాధి నిజం కాకపోవచ్చు గాని, పదమూడు శతాబ్దాలపాటు ఒక ఊరివారు తమ ఊళ్ళో ఏం జరిగిందో మరువలేదన్నది నిజం. ఊరిలోని ఒక బావికి 'బీరుత్తావూన్', అనగా తావూన్ బావి అని పేరు. చదువురాని వారికి బావి పేరే చరిత్ర పుస్తకం. గ్రంథాలు ఊరిని మరచి తావూన్‌ను గుర్తుంచుకొన్నాయి; ఊరివారు తావూన్‌ను తమ ఊరి సంగతిగానే గుర్తుంచుకొన్నారు. ఇక్కడ మన గ్రంథాలకంటె ఆ గ్రామస్థులే మెరుగు.

పందొమ్మిదవ శతాబ్దంలో పాశ్చాత్య పరిశోధకులు వచ్చారు. 1838లో అమెరికా పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్, 1863లో ఫ్రెంచివాడైన గెరాఁ, 1870ల దశకంలో బ్రిటిషు సర్వే అధికారులు, క్లెర్మోఁ గానో. వీరి కృషిని తక్కువ చేయరాదు. ఆ కొలతలు, ఆ పటాలు మనవాళ్ళెవరూ తయారు చేయలేదు. కాని వారి ప్రశ్న వేరు. లూకా సువార్తలో ఎమ్మావుస్ అనే ఊరి ప్రస్తావన ఉన్నది. సిలువ సంఘటన తర్వాత ఇద్దరు శిష్యులు ఆ దారిన వెళ్తుండగా హజ్రత్ ఈసా (అలైహిస్సలామ్) వారికి కనిపించారని క్రైస్తవుల విశ్వాసం. ఆ సువార్త ప్రతులలో దూరం కొన్నింట 60 స్టేడియాలు, కొన్నింట 160 స్టేడియాలు అని ఉండడం చేత, ఆ ఊరు ఇదా, అబూ గోషా, ఖుబైబానా, ఖాలూనియానా అని పెద్ద వాదం నడిచింది. నాల్గవ శతాబ్దివాడైన యూసేబియస్ దీనినే అన్నాడు. 1932లో ఫ్రెంచి పాద్రీలైన వాఁసాఁ, ఆబేలు ఈ ఊరి ప్రాచీన గిర్జాను, దాని చరిత్రను గురించి ఒక బృహద్గ్రంథమే వెలువరించారు. ఊరు అనగా గిర్జా, గిర్జా అనగా ఊరు. 1931 జనాభా లెక్కలలో ఆ ఊళ్ళో 224 ఇళ్ళున్నాయి, 1,029 మంది ఉన్నారు, వారిలో బహుకొద్దిమంది తప్ప అందరూ ముస్లిములే. ఆ ఇళ్ళవారు రాళ్ళమధ్య తిరిగే నీడలవలె మాత్రమే ఆ పరిశోధనలలో కనిపిస్తారు. ఒక్క క్లెర్మోఁ గానో మాత్రం రైతులను కూర్చోబెట్టి వారు చెప్పే కథలు, చోట్ల పేర్లు రాసుకొన్నాడు. అందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

లె స్ట్రేంజ్ 1890లో ప్రచురించిన గ్రంథం వేరు రకం. ఫలస్తీన్‌ను గురించి అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞులు రాసినవన్నీ ఆంగ్లంలోకి తెచ్చి, ఊరిపేర్ల వరుసలో కూర్చాడు. అరబ్బీ రాని చరిత్ర విద్యార్థికి ఇప్పటికీ అది ఉపయోగపడుతున్నది. కాని ఆ కూర్పులో ఒక లోపమున్నది. ఊరు ఒక నిఘంటు పదమైపోతుంది. ముందు ఏ ఊరుందో, వెనుక ఏ ఊరుందో, నీళ్ళెక్కడినుండి వచ్చాయో తెలియదు. యాలూ ఒకచోట, బైత్ నూబా ఒకచోట, అమ్వాస్ ఇంకొకచోట పడిపోతాయి. పొలం గట్లు కలిసిన మూడూళ్ళు అక్షరక్రమంలో విడిపోయాయి.

నిజానికి ఈ ఊరి అసలు జీవితం ఆ గ్రంథాలకంటె పన్ను చిట్టాలలో ఎక్కువ కనబడుతుంది. 1596 నాటి ఉస్మానీ రెవిన్యూ చిట్టాలో అమ్వాస్ గజా జిల్లా, రమ్లా తాలూకాలోని గ్రామం. 24 ఇళ్ళు, అన్నీ ముస్లిం కుటుంబాలే. గోధుమ, బార్లీ, నువ్వులు, పండ్లచెట్లు, మేకలు, తేనెపట్లపై పన్ను చెల్లించారు. బ్రిటిషువారి 1922 లెక్కలలో 824 మంది. 1945 నాటికి 1,450 మంది, గ్రామ భూమి 5,151 దునుములు. ఒక దునుము వెయ్యి చదరపు మీటర్లు గనుక మన లెక్కలో సుమారు 1,270 ఎకరాలు. జోర్డాన్ ప్రభుత్వపు 1961 జనగణనలో 1,955 మంది. ఈ అంకెలను వరుసగా చదివితే ఒక ఊరు ఎదుగుతున్నదని తెలుస్తుంది. నాలుగు శతాబ్దాల క్రితం నువ్వులమీద పన్ను కట్టిన ఊరు. మహమ్మారి తర్వాత పాడుపడిపోయిన దిబ్బ కాదది.

తర్వాత కథకు మూలం మళ్ళీ ఆ దారే. 1948 మే నెల నుండి జూలై వరకు, టెల్ అవీవ్ నుండి జెరూసలేం పోయే దారికోసం ఇజ్రాయిల్ సేనలు లత్రూన్‌పై పలుమార్లు దాడిచేసి, జోర్డాన్ అరబ్ లీజియన్ చేతిలో విఫలమయ్యాయి. కొండలలో వేరే దారి వేసుకొని నగరానికి సామాను చేరవేసుకొన్నారు. 1949 విరామ ఒప్పందంతో అమ్వాస్, యాలూ, బైత్ నూబా జోర్డాన్ వైపు ఉండిపోయాయి. సరిహద్దు రేఖ మైదానంలోనికి ముక్కువలె పొడుచుకొని వచ్చింది. ఆ ముక్కు కొననే అమ్వాస్ ఉన్నది. 1967 జూన్ యుద్ధం ఆరంభమైన మరునాడే సేన వచ్చింది. ఈసారి పోరాటం లేదు. మూడు గ్రామాల ప్రజలను ఇళ్ళనుండి వెళ్ళగొట్టి, కొండదారిన కాలినడకన రామల్లా వైపు తరిమారు. ముసలివారు, గర్భిణులు, చంటిబిడ్డల తల్లులు ఆ ఎండలో నడిచారు. ఆ తర్వాత బుల్‌డోజర్లు, మందుపాతరలు తెచ్చి మూడూళ్ళూ నేలమట్టం చేశారు. హీబ్రూ రచయిత ఆమోస్ కేనాన్ ఆ సేనలోనే రిజర్వు సైనికుడుగా బైత్ నూబాలో ఉన్నాడు; తిరిగి వచ్చిన జనాన్ని ఊరి పొలిమేరలలో ఆపివేసి, వారి కళ్ళెదుటే ఇళ్ళు కూల్చడాన్ని చూచి రాసి, తన దేశపు నాయకులకు పంపాడు. సాక్ష్యం శత్రుపక్షం నుండి వచ్చినంత మాత్రాన దాని విలువ తగ్గదు; పైగా పెరుగుతుంది.

1970లో బైత్ నూబా భూములపై మెవో హోరోన్ అనే యూద వలస వెలిసింది. అదే దశకంలో అమ్వాస్, యాలూ గ్రామాల నేలమీద యూద జాతీయ నిధి సంస్థ కెనడాలోని దాతల ధనంతో ఒక వనం పెంచింది. దాని పేరు కెనడా పార్కు. గిర్జా శిథిలాలు నిలిచాయి, సన్యాసుల మఠం నిలిచింది, గుమ్మటం నిలిచింది, స్మశానం కొంత మిగిలింది. ఇళ్ళు మాత్రం లేవు. పార్కులోని ఫలకాలు మక్కాబీల కాలాన్ని, రోమనులను, బైజంటీనులను గురించి చెప్పేవి, దాతల పేర్లుండేవి. ఇజ్రాయిల్ పౌరులే స్థాపించిన 'జోఖ్రోత్' అనే సంఘం ఈ మౌనంపై న్యాయస్థానం దాకా వెళ్ళిన తర్వాత, 2006లో గ్రామాల పేర్లు తెలిపే ఫలకాలు పెట్టారు. అవి ఎంతోకాలం నిలవలేదు. మాయం చేశారు, అక్షరాలు చెరిపారు.

పార్కు ఫలకాన్ని చదివి మనకు కోపం రావడం సహజమే. కాని ఆ ఫలకం చేసినదేమిటి? ఒక ఊరి చరిత్రలో తనకు పనికివచ్చే ఘట్టాన్ని తీసుకొని, మిగిలినదానిని వదలివేసింది. అంతకుముందు నుండి మనమూ ఆ పనే చేస్తున్నాం. మనకు కావలసినది తావూన్, అందులో అమరులైన సహాబీలు. ఆ ఘట్టం తీసుకొని ఊరిని విడిచిపెట్టాం. మన ఉద్దేశం మంచిది, వారిది అన్యాయం. ఈ భేదం చిన్నది కాదు, దానిని కాదనను. అయినప్పటికీ 1967 జూన్‌లో అమ్వాస్ కూలిపోయినప్పుడు, ఆ పేరును నిత్యం పలికే మదరసాలలో ఎంతమందికి అది తాము చదివిన అమ్వాస్ అని తట్టి ఉంటుంది? నాకు తట్టలేదని ఒప్పుకొంటున్నాను. నేనా పేరు మొదట విన్నది ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకే అయినా, కూలిన సంగతి ఆ పాఠకుని ఉత్తరం వచ్చేవరకు తెలియదు.

ఫలస్తీన్‌ను గురించి మన భాషలో రాసేవారి విషయంలో కూడా ఒక మాట. మస్జిదె అఖ్సా గురించి మనకు వందల వ్యాసాలున్నాయి, ఉండవలసిందే. గ్రామాల గురించి దాదాపు లేవు. అరబ్బీలో ముస్తఫా మురాద్ దబ్బాగ్ ఊరూరా వివరాలు సేకరించి పెద్ద సంపుటాలుగా వెలువరించాడు. 1948లో యాఫా విడిచి పోతున్నప్పుడు ఆయన మొదటి రాతప్రతి సముద్రం పాలైంది, మళ్ళీ మొదటినుండి రాశాడు. వలీద్ ఖాలిదీ సంపాదకత్వాన 1992లో వెలువడిన ఆంగ్ల గ్రంథం 418 గ్రామాలను నమోదు చేసింది. మనవాళ్ళు ఉదాహరించేది సాధారణంగా ఈ రెండవ గ్రంథాన్నే. కాని అది 1948లో నిర్మూలించబడిన గ్రామాలకు పరిమితం. 1967లో పోయిన అమ్వాస్ అందులో లేదు. అది ఆ గ్రంథం లోపం కాదు, దాని పరిధి. ఆ సంఖ్యనే సంపూర్ణ సంఖ్యగా భావించి రాసేవారిది లోపం. ఆ విధంగా సహాబీల చరిత్రలో ఊరు కాకుండా పోయిన అమ్వాస్, ఫలస్తీన్ చరిత్రలో లెక్కకు రాకుండా పోతున్నది.

అనువాదకులు చేయగల పని చిన్నది, కష్టమైనది కాదు. 'తావూనె అమ్వాస్' అనే ఉర్దూ సమాసంలో 'ఎ' అనేది 'యొక్క' అనే సంబంధాన్ని తెలుపుతుంది. తెలుగులో 'అమ్వాస్ ప్లేగు' అన్నప్పుడు ఆ సంబంధం కనబడదు. 'బొంబాయి ప్లేగు' అంటే చిక్కులేదు, బొంబాయి ఊరని అందరికీ తెలుసు. అమ్వాస్ ఊరని తెలియనంతకాలం 'అమ్వాస్ గ్రామంలో పుట్టిన తావూన్' అని విడమరచి రాయడమే న్యాయం. 'ప్లేగు' అనడంకంటె 'తావూన్' అనే మాటను నిలుపుకోవడం కూడా మంచిదే. హదీసువేత్తలు తావూన్‌కు, సాధారణ అంటువ్యాధి అయిన 'వబా'కు భేదం పాటించారు. వ్యాధిలో తన కుమార్తెలను పోగొట్టుకొన్న ఇబ్ను హజర్ అస్కలానీ ఈ విషయంపై ప్రత్యేక గ్రంథమే రచించారు.

నా అనువాదం పునర్ముద్రణకు సిద్ధమవుతున్నది. ఆ వాక్యాన్ని సరిచేసి, పుట అడుగున ఈ క్రింది వివరణ చేర్చాను. పొరపాట్లుంటే పండితులు తెలియజేయ ప్రార్థన.

అమ్వాస్ (స్థానిక ఉచ్చారణ: ఇమ్వాస్). ఫలస్తీన్‌లో రమ్లాకు ఆగ్నేయంగా, బైతుల్ మఖ్దిస్‌కు పోయే దారిలో కొండల అంచున ఉండిన గ్రామం. ఇస్లామీయ సేనల తొలి విడుదులలో ఒకటి. హి. 18లో ఇక్కడ ఆరంభమైన తావూన్ షామ్ అంతటా వ్యాపించింది. 1961లో జనాభా 1,955. 1967 జూన్‌లో ఇజ్రాయిల్ సేన ప్రజలను వెళ్ళగొట్టి గ్రామాన్ని కూల్చివేసింది. గ్రామస్థుల సంతతి రామల్లా ప్రాంతంలోను, జోర్డాన్‌లోను నివసిస్తున్నది.